ముప్పై రెండు మంది చూసిన కాలు

ఏం సార్, అంత మాట అంటారు! ‘రికార్డు పుస్తకాలు పాడు చేసింది’ అని ఎవరో కాగితంలో రాసిస్తే మీరు అట్లనే చదివేస్తారా? పాడు చేయలేదు సార్ నేను. ఉన్నది ఉన్నట్టు రాసినా. దాన్నే పాడు చేయడమంటే ఇంగ నేనేం చేసేది?

కూర్చోండి, కూర్చోండి. నిలబడి విచారణ చేస్తే నాకు భయమైతాది. ఫ్యాను కిందికి జరగండి. ఇంత ఎండలో నర్సింగు కౌన్సిల్ నుంచి మా బెళుగుప్ప దాకా వచ్చినారు. బొరుగుల ఉగ్గాని ఉండాది, తింటారా? నేను చేసింది కాదులెండి, మా ఇంటాయన యేసన్న చేసినాడు. నేను చేసింటే పెట్టే ధైర్యం చేసేదాన్ని కాదు. మాస్కు తీయాలంటే జంకుతాండారా? వసారాలోకి తీసుకుపోయి తినండి, నేను ఈడనుంచే మాట్లాడతా. ఇరవై రెండేండ్లు నర్సింగు పిల్లలకు పాఠం చెప్పిన గొంతు సార్ ఇది. వీధి చివరి దాకా పోతాది.

వద్దా? సరే, మీ ఇష్టం. మొదటి నుంచి చెప్తా, రాసుకోండి.

ఈ రెండో తూరి కరోనా వచ్చినప్పుడు అనంతపురంలో మా కాలేజీ మూసినారు గదా. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. ముప్పై రెండు మంది పిల్లలు, ఎవరి ఊరికి వాళ్లు పోయినారు. పోయేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో రెండు సూదులు, కొంచెం దూది పెట్టి పంపినా. మా కరస్పాండెంట్ శశికుమార్ సార్ నాకు ఫోన్ చేసి, “సువార్తమ్మా, పాఠాలు ఫోన్లో చెప్పండి, సిలబస్ ఆగకూడదు” అన్నాడు.

“సార్, సూది పొడిచేది ఫోన్లో ఎట్ల నేర్పేది?” అంటే, “ఎట్లో ఒకట్ల చెప్పండమ్మా” అన్నాడు. అదీ ఆయప్ప సిలబస్!

మీరు ఎప్పుడన్నా ఫోన్లో సూది పాఠం చెప్పినారా సార్? చెప్పింటే నా కష్టం తెల్సేది. ఒక పిల్లకు బొమ్మ వస్తాది, మాట రాదు. ఇంగొగ పిల్లకు మాట వస్తాది, నేను సూది పొడిచే సమయానికి బొమ్మ ఆగిపోతాది. ఆ పిల్ల నేనేదో సూది పట్టుకుని దేవతలాగా నిలబడ్డానని అనుకుంటాది. ఒక పిల్ల గొర్రెల వెంట పోతా వినేది. నేను “అర్థమైందా?” అని అడిగితే ముందు గొర్రె జవాబు చెప్పేది.

నవ్వండి సార్, నవ్వితే కాగితం ఏమీ చినిగిపోదు.

దేని మీద నేర్చుకుంటారు పిల్లలు? మనుషుల్ని ముట్టుకునే దినాలు కావు. మన జిల్లాలో చీనీ తోటలకు, అదే బత్తాయి తోటలకు, కొదవలేదు గదా. “అందరూ తలా ఒక చీనీకాయ తెచ్చుకోండి” అన్నా. తోలు మందంగా ఉంటాది, లోపల మెత్తగా ఉంటాది, సూది దిగేది చేతికి తెలుస్తాది. పొడిచినారు సార్ నా పిల్లలు! జిల్లాలో ఎన్ని కాయలకు ఇంజెక్షన్ పడిందో దేవునికే తెలియాల.

కానీ చీనీకాయ ‘అబ్బా’ అనదు సార్. చెయ్యి వెనక్కి లాక్కోదు. ‘నాకు వద్దు తల్లీ’ అనదు. అది నాకు అప్పుడే తట్టింటే ఎంత బాగుండు.

ఇంగ అసలు సంగతికి వస్తా. మహేశ్వరి అని వజ్రకరూరు పిల్ల. నా పిల్లల్లో కెల్లా చురుకైంది. వాళ్లింట్లో సిగ్నల్ రాదు. ఊరి బయట చేనులో ఒక రాతి గుండు ఎక్కి నిలబడి వినేది. తొలి వాన పడినంక ఆ చేన్లలో జనమంతా వజ్రాల కోసం వంగి నేల చూస్తా ఉంటే, ఈ పిల్ల ఒగతే తలెత్తి సిగ్నల్ కోసం ఆకాశం చూసేది. “మేడం, నాకు దొరికింది, నాలుగు గీతలు!” అని అరిస్తే, అందరూ వజ్రమేమో అని పరుగెత్తుకొచ్చినారంట.

జూన్లో ఒకరోజు పొద్దున క్లాసు జరుగుతాండాది. మహేశ్వరి, “మేడం, మా ఊళ్లో తిప్పన్న తాత కాలికి పుండు ఉండాది. షుగరు. సిస్టరమ్మ వ్యాక్సిన్ డ్యూటీలో పడి వారం నుంచి రాలేదు. కట్టు వాసన వస్తాంది. నేను మార్చేదా?” అని అడిగింది.

చెప్పండి సార్, నేనేమనాల? రెండో సంవత్సరం పిల్ల. ఒగతే మారిస్తే ఏమన్నా తేడా రావొచ్చు. మార్చకుంటే ఆ ఎండాకాలం పుండు ఏమైతాదో మీకూ తెల్సు, నాకూ తెల్సు. డాక్టరుకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. “ఫోన్ ఎదురుగా పెట్టుకో, నేను చెప్తా ఉంటా, నేను చెప్పినట్టు చెయ్యి” అన్నా. దాంట్లో నేను తప్పు చేయలేదు. ఈ పొద్దు అడిగినా అట్లనే చెప్తా.

తప్పు ఆ తర్వాత మాటలో ఉండాది. “అందరూ చూడండమ్మా, ఇట్లాంటి అవకాశం మళ్లా రాదు” అన్నా.

తిప్పన్న అంటే ఆ ఊళ్లో పిండి మిషన్ నడిపే ఆయప్ప. అరవై ఐదేండ్లు ఉంటాయి. మిషన్ గదిలోనే గోనెసంచి మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పంచె తొడ దాకా ఎత్తి కట్టినాడు, లోపలి చెడ్డీకి రెండు మాసికలు. మొహం నిండా పిండి. ఫోనేమో ఎదురుగా, సిగ్నల్ అందే తలుపు కాడ, రాగుల డబ్బాకు ఆనించి పెట్టింది పిల్ల. ఫోన్లో మేడం చెప్తాంది అని ఆయప్పకు తెల్సు. మేడం వెనక ముప్పై ఒక్క మంది ఆడపిల్లలు కూర్చుని చూస్తాండారని తెలీదు.

మహేశ్వరి చేయి చూడాల సార్ మీరు! కడగడం, తుడవడం, కట్టడం, అంతా నా చెయ్యే. ఇరవై రెండేండ్లలో నేను పాఠం చెప్తా ఏడ్చింది ఆ పొద్దొగటే. అంత ఖుషీ అయింది నాకు.

నాలుగు దినాలు కూడా పోలేదు. మహేశ్వరి ఫోన్ చేసి ఏడుస్తాంది. “మేడం, తాత వీడియో ఊరందరి ఫోన్లలోకి వచ్చేసింది. కరోనా వస్తే కాలు ఇట్ల కుళ్లిపోతాది అని కింద రాసి తిప్పుతాండారు. మిషన్ కాడికి ఒక్కరూ రావడం లేదు. తాత పొద్దంతా తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటాండాడు.”



శశికుమార్ సార్‌కు చెప్తే ఏమన్నాడో తెల్సా? “ఏ పిల్ల పంపిందో కనుక్కోండి, తీసేద్దాం” అన్నాడు. ముసలాయన సంగతి ఏమి సార్ అంటే, “మన కాలేజీ పేరు దాంట్లో లేదు గదా” అన్నాడు.

అప్పుడే యేసన్నను లేపినా. “టీవీయస్ తీయి, వజ్రకరూరు పోవాల” అన్నా. ఉరవకొండ కాడ పోలీసులు ఆపినారు. నా తెల్ల కోటు చూపిస్తే నన్ను పొమ్మన్నారు, యేసన్నను దిగమన్నారు. “మరి నడిపేదెవరు, నాకు బండి రాదు” అంటే, ఆ పోలీసాయన కాసేపు ఆలోచించి, “అయితే ఆయప్ప కూడా నర్సే అనుకుంటాం పోండి” అన్నాడు. అట్ల నర్సు అయినాడు సార్ మా ఇంటాయన. ఇప్పటికీ పని చెప్తే ‘డ్యూటీ అయిపోయింది’ అంటాడు.

మిషన్ గది ముందర నిలబడి తిప్పన్నకు దండం పెట్టినా. ఏమేం జరిగిందో అంతా చెప్పినా. ఎంత మంది చూసినారో, ఆయనకు చెప్పకుండా చూపించిందెవరో, అంతా. ఆయప్ప మిషన్ బెల్టు మీద చెయ్యి వేసి నిమురుతా కూర్చున్నాడు.

తర్వాత ఏమన్నాడో తెల్సా? “కాలు చూస్తే చూసినారులేమ్మా, కాలు అందరికీ ఉంటాది. మాసికల చెడ్డీ చూసినారు గదా! మంచిదొకటి పెట్టెలో ఉండె. ఒక మాట చెప్పింటే తొడుక్కుని కూర్చునేవాణ్ని గదా!”

నేను నవ్వాల్నా ఏడ్వాల్నా సార్? రెండూ చేసినా.

“నన్ను ఏం చేయమంటావు పెద్దాయనా?” అని అడిగినా. ఆయప్ప బాగా ఆలోచించి, “ఆ పిల్లలందర్నీ మళ్లా ఫోన్లోకి పిలువు. ఒక్కొక్కరు నన్ను అడగాల. అడిగి, నేను సరే అంటేనే చూడాల” అన్నాడు.

ఆ క్లాసు జరిగింది సార్. నా సర్వీసులో అట్లాంటి క్లాసు నేను చెప్పలేదు, చెప్పలేను కూడా. ఆ పొద్దు పాఠం చెప్పింది తిప్పన్న. ఉతికిన పంచె, తెల్ల అంగీ, బొట్టు పెట్టుకుని, పెండ్లికొడుకు మాదిరి కూర్చున్నాడు. కాలు మీద తువ్వాల కప్పినాడు.

మొదట సుష్మిత. వాగుడుకాయ. “తాతా, కాలు చూపియ్యి!” అనింది. “నువ్వొద్దు పో. అది అడగడం కాదు, బెదిరించడం” అన్నాడు. ఇంగొగ పిల్ల పుస్తకం తెరిచి, “అయ్యా, తమరి దేహ పరీక్షకు తమరి సమ్మతి కోరుతున్నాను” అని చదివింది. ఆయప్ప మహేశ్వరి దిక్కు తిరిగి, “ఏమంటాదే ఈ పాప? నా మీద కేసు పెడతాండాదా?” అన్నాడు. పదకొండు మందిని వద్దన్నాడు సార్! పదకొండు మంది! నాకే పరీక్ష పెట్టినట్టుండె.

అప్పుడు అక్కమ్మ వంతు వచ్చింది. కూలి పనికి పోయే వాళ్ల పిల్ల. రెండు నెలల్లో ఒక్క పొద్దు కూడా కెమెరా పెట్టలేదు. “కెమెరా పెట్టకుంటే హాజరు వేయను” అని నేను అందరి ముందర తిట్టినా. ఆ పిల్ల ఇంట్లో ఉండేది ఒకటే గది, ఆరు మంది, తల్లి బాలింత. కెమెరా పెడితే ఏం కనబడతాదో నేను ఆలోచించనే లేదు. తిప్పన్నను అడక్కుండా చూపించిన మనిషిని, ఈ పిల్ల ఇంటిని కూడా అట్లనే చూపించమంటిని గదా!

ఆ అక్కమ్మ గొంతు మాత్రమే వచ్చింది. “తాతా, ఇప్పుడు నొప్పిగా ఉండాదా? కాలు చూడమంటావా, వద్దంటావా?”

ఆయప్ప “వద్దంటే ఏం చేస్తావు పాపా?” అని అడిగినాడు.

“గమ్మునుంటా తాతా. రేపు మళ్లా అడుగుతా.”

తువ్వాల తీసేసినాడు సార్. “చూడు తల్లీ” అన్నాడు.

ఆ తర్వాత తక్కిన పిల్లలు ఎట్ల అడిగినారో నాకు ఒక్కటీ గుర్తు లేదు. నా కండ్లద్దాలకు ఆవిరి పట్టింది.

ఇంగ మిషన్ సంగతి అడుగుతాండారా? దానికి కూడా ఆయప్పే ఉపాయం చేసినాడు. మరుసటి క్లాసుకు ఫోన్‌ను రామాంజనేయులు అనే ఆటోవాని స్పీకర్‌కు తగిలించి, మిషన్ గది అరుగు మీద పెట్టించినాడు. “మేడమా, ఇది ఏం పుండో చెప్పు, గట్టిగా చెప్పు, ఊరంతా వినాల” అన్నాడు. “నీ జబ్బు నేను బయటికి చెప్పకూడదు పెద్దాయనా” అంటే, “నేనే చెప్పమంటాండా గదా! అడిగినావు, సరే అన్నా, ఇంగ కానీ” అన్నాడు. షుగరు పుండు అని, అంటేది కాదని, పిండికీ దానికీ సంబంధం లేదని అరగంట సేపు చెప్పినా. ఆ పొద్దే ఒకామె జొన్నలు తెచ్చిందంట. తర్వాత ఇద్దరు. వారం దినాల్లో మిషన్ మళ్లా మోగింది. ఇప్పుడు ఫోన్ చేస్తే, ఆ సద్దుకు ఆయప్ప మాట వినబడదు. మందులు కూడా సరిగా వేసుకుంటాండాడు. పుండు మానింది, కాలి వేళ్లన్నీ నిలిచినాయి.

సరే, పుస్తకాల సంగతి. వస్తాండా సార్, తప్పించుకోవడం లేదు.

పరీక్షలు దగ్గరికి వస్తాండాయని శశికుమార్ సార్ ముప్పై రెండు రికార్డు పుస్తకాలు మా ఇంటికి పంపినాడు. ‘ఎవరికి చేసినారు’ అని ఒక గడి ఉంటాది చూడండి. దాంట్లో రోగుల పేర్లు వేసి సంతకం పెట్టమన్నాడు. లేని రోగులు సార్! “అన్ని చోట్లా ఇట్లనే చేస్తాండారు, పిల్లల సంవత్సరం పోతే వాళ్ల నాయనలకు నువ్వు జవాబు చెప్తావా?” అన్నాడు. ఆ మాట నన్ను బాగా కలచింది. అబద్ధం చెప్పలేను, ఆ ప్రశ్న సరైందే. ముప్పై రెండు ఇండ్లలో చాలా వాటికి ఈ పిల్ల ఉద్యోగమే దిక్కు.

రెండు దినాలు పుస్తకాల పక్కన కూర్చున్నా. చివరికి రాసినా. ‘ఎవరికి చేసినారు’ అంటే, ‘చీనీకాయకు’. ఒక్కో పుస్తకంలో పదిసార్లు. మూడు వందల ఇరవై సార్లు రాసినా సార్ ‘చీనీకాయకు’ అని! చెయ్యి వాచింది. కింద ఒక వాక్యం రాసినా: ‘మనుషుల మీద నేర్చుకోవలసింది మిగిలి ఉంది, ఆస్పత్రి తెరిచినాక ఆరు వారాలు ఇప్పించగలరు.’ రేపు ఈ పిల్లలు నాకో మీకో సూది వేస్తారు. చీనీకాయ వరకే నేర్చుకున్న సంగతి మనకు తెలిసుండొద్దా?

ఏమన్నారు? సబబే అంటారా? ఆరు వారాలకు రాస్తారా? నిజంగానా? చూడండి, ఉగ్గాని తినకుండానే ఇంత మంచి మాట చెప్పినారు. యేసన్నా, సార్‌కు మజ్జిగన్నా తీసుకురా!

రెండో అంశమా. అవును, కాగితంలో రెండు ఉండాయి గదా.

వీడియో బయటికి పంపిన విద్యార్థిని పేరు. దాంట్లో పేరు రాసుండాదా? చూపించండి. సుష్మిత. సుష్మిత అని రాసిచ్చినాడా శశికుమార్ సార్? ఎందుకంటే ఆ పిల్ల ఎక్కువ మాట్లాడతాది, ఎక్కువ నవ్వుతాది, అంతేగదా?

తొమ్మిది దినాల నుంచి ఆ పిల్ల క్లాసుకు రావడం లేదు సార్. తక్కిన పిల్లలు గ్రూపులో తలా ఒక మాట అన్నారంట. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, “మేడం, నా కూతురు అట్లాంటిది కాదు, మీకు తెల్సు గదా” అనింది.

నాకు తెల్సు. నాకు తెల్సినంత బాగా ఎవరికీ తెలీదు.

ఫ్యాను శబ్దం ఎక్కువుంటే ఆపుతా, ఈ మాట మీకు సరిగా వినబడాల. ఆ వీడియో తీసింది నేను. క్లాసు నడుస్తాంటే నా ఫోన్లోనే తీసి పెట్టుకున్నా. తాడిపత్రిలో సరళ అని నాతో చదువుకున్న నర్సు ఉండాది. ఆమెకు పంపి, ‘చూడు నా పిల్ల చెయ్యి’ అని గొప్పలు పోయినా. ఆమె బాగుందని ఇంగొకరికి పంపింది. ఆడ నుంచి అది యాడికి పోయిందో మీ కాగితంలోనే ఉండాది.

తిప్పన్నకు మొదటి రోజే చెప్పినా. ఆయప్పకు చెప్పడానికి నోరు వచ్చింది. ముప్పై రెండు మంది ఆడపిల్లల ముందర, వాళ్ల మేడం ఇట్లాంటిది అని చెప్పడానికి రెండు నెలలుగా నోరు రాలేదు. ఈ పొద్దు చెప్తా, రేపు చెప్తా అనుకుంటానే ఒగరి మీద ఒగరికి అనుమానం పెట్టినా. మంచి టీచరమ్మను గదా!

ఉద్యోగం పోతే పోతాదిలెండి. యాభై నాలుగేండ్లు, ఏదో ఒక ఆస్పత్రిలో కట్లు కట్టుకుంటా. ఆ పేరు మాత్రం కొట్టేయండి. కొట్టేసి, నా ఎదురుగానే రాయండి. సువార్త, ట్యూటర్, బెళుగుప్ప.

ఏం సార్, అట్ల చూస్తాండారు? రాయండి.